మావోడు గెలవాలె

మామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, గజ్వేల్‌లో ఉంటాడు. అల్లుడంటే అక్క కొడుకు, హైదరాబాద్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పని. మామ ‘కార్తీక దీపం’ చూసినవాడు, అల్లుడు ‘బిగ్ బాస్’ చూసేవాడు. రెండూ స్టార్ మా ఛానల్లో వచ్చినవే అయినా ఒకరి షో ఒకరికి గిట్టదు. పైగా బిగ్ బాస్ తెలుగు ఏడో సీజన్ గెలిచిన పల్లవి ప్రశాంత్‌ది ఆ పక్కనే ఉన్న కొల్గూరు. అందుకని ఇది వట్టి టీవీ ముచ్చటగా మిగలలేదు. నడుమ నడుమ నా మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎవరూ అడగకుండా అన్నవి.

మామ: కొత్త సీజన్ వస్తుందట గదరా. ఇగ మళ్ల మూడు నెలలు నువ్వు మా చేతికి దొరకవు.

అల్లుడు: నువ్వు అయిదేండ్లు ‘కార్తీక దీపం’ల వంటలక్క వెంబడి తిరిగినవ్ మామా. నేనేమన్న అన్ననా?

మామ: తిరిగిన. వంటలక్క కోసం ఎవని అద్దమన్న పలగ్గొట్టిన్నా?

అల్లుడు: ఆ ముచ్చట తెస్తవని నాకు ఎరుకే.

మామ: తేకుంటె ఎట్ల? 2023 డిసెంబరు 17, ఆదివారం, మీ ఏడో సీజన్ ఫైనల్ రాత్రి. ఆడోళ్లకు బస్సుల ఉచితం షురువైంది అదే నెల 9 తారీఖున. ఎనిమిది రోజులే. ఏ బస్సుల చూసినా కాలు వెట్ట సందు లేదు. ఒక్క బస్సు డిపోల ఆగిపోతె ఆ రూట్ల ఎంతమంది స్టాండ్ల నిలవడాలెనో నీకు తెల్వదు, నాకు తెలుసు. అసుంటి రోజులల్ల మీ షో తీసే అన్నపూర్ణ స్టూడియో ముంగట ఆరు ఆర్టీసీ బస్సుల అద్దాలు పలగ్గొట్టిన్రు. గెలిచినోని మనుషులు, ఓడినోని మనుషులు కొట్లాడుకున్నరు, సరే. నడుమ బస్సేం చేసింది? అది గూడ నామినేషన్ల ఉండెనా?

అల్లుడు: తప్పే. నేను కాదంటలే. ఫైనల్ల ఓడిన అమర్‌దీప్ కారు మీద పడ్డప్పుడు లోపల వాళ్లమ్మ, భార్య ఉండిన్రు. ఆ వీడియో నేను మళ్ల చూడలే. గని రాయి వట్టినోడు అభిమాని కాదు మామా. గుంపు కనవడితె ఉరికొచ్చే బాపతు వేరే ఉంటది.

మామ: ఈ మాట అందరు అంటరు. మావోళ్లు కాదు, ఎవరో నడుమొచ్చినోళ్లు అని. వాడు ఆ రాత్రి రాయి వట్టిండు, నిజమే. అంతకుముందు సెప్టెంబరు సంది రోజొక మాట మీరే అనుకుంట వచ్చిన్రు. వాడు పాము, ఆమె నక్క, వీళ్లు స్పై బ్యాచ్, వాళ్లు స్పా బ్యాచ్. అసలు ఆ పేర్లేందిరా?

అల్లుడు: శివాజీ, ప్రశాంత్, యావర్. ముగ్గురి ఇంగ్లీషు అక్షరాలు కలిపితె స్పై. శోభ, ప్రియాంక, అమర్‌దీప్‌లవి కలిపితె స్పా.

మామ: అంటె ఆరుగురు మనుషులు ఆరుగురి తీరుగ ఉండరన్నట్టు. రెండు మూటలు కట్టిన్రు. ఒక మూటల ఒకన్ని మెచ్చుకుంటె మిగిలిన ఇద్దర్ని గూడ మెచ్చుకోవాలె. అమర్‌దీప్ మంచిగ ఆడిండు, శోభ మంచిగ ఆడలే అన్నోనికి మీకాడ జాగ ఉండెనా?

అల్లుడు: ఉండకపోతుండె. అది నిజమే. గని ఓటు సగం ఎయ్యరాదు గద మామా. ఇంత వీనికి, ఇంత వానికి అని ఎట్ల ఏస్తం? ఆ ఆట కట్టిందే అట్ల. వారం వారం ఒకలు ఎల్లిపోవాలె. మనకు నచ్చినోళ్లు ఉండాలంటె ఇంకొకలు పోవాలె. నువ్వు సీరియల్ చూసుకుంట దీప మంచిదంటవ్, ఆమె అత్త సౌందర్య గూడ మంచిదంటవ్, ఎవరికి నష్టం లేదు. మాకాడ ఒకన్ని మెచ్చుకున్నమంటె ఇంకోన్ని గేటు దాటించినట్టే.

మామ: మరి తెలిసి తెలిసి అండ్ల ఎందుకు వడ్తవ్?

అల్లుడు: మావోడు కాబట్టి.

మామ: ఇగో, నాకు కావల్సిన మాట అన్నవ్. మావోడు. మావోడు తప్పు చేస్తె తప్పన్నమనుకో, అది అభిప్రాయం. మావోడు ఏం చేసినా రైటే అంటె అది చుట్టరికం. చుట్టరికం ఉండొద్దని అంటలేను. గని అందరు వచ్చి నా అభిప్రాయాన్ని గౌరవించున్రి, గౌరవించున్రి అని మొత్తుకుంటరు. అభిప్రాయముంటె గద గౌరవిచ్చేది? పార్టీ జెండా వట్టుకోని నిలవడి, దాన్ని అభిప్రాయమని చెప్తె నేనేం చెయ్యాలె?

అల్లుడు: నువ్వు చుట్టరికమన్నది చులకనగ అన్నవ్. నేను చులకనగ తీసుకోను. ఆ ప్రశాంత్ పోరడు స్టూడియో గేటు చుట్టు తిరిగి తిరిగి లోపలికి పోయిండు. లోపలున్నోళ్లల్ల శానమంది సీరియళ్లల్ల, సినిమాలల్ల ముఖం తెలిసినోళ్లు. శివాజీ హీరో. వీనికేముంది? పొలంల తీసుకున్న వీడియోలున్నయి. రైతుబిడ్డనని చెప్పుకోని సానుభూతి కొట్టేస్తున్నవని నామినేషన్లల్ల మీద పడ్డరు. నేను మా ఆఫీసుల ఆ రాత్రి ఫోన్ల చూస్తున్న. నేను మాట్లాడితె గూడ గట్లనే నవ్వేటోళ్లున్నరు మా ఆఫీసుల. వాన్ని అన్న ప్రతి మాట నన్నన్నట్టె ఉండె. నన్ను పక్కకు నిలవడి, నిమ్మలంగ, వీడు ఈడ మంచిగ చేసిండు, ఆడ చెడగొట్టిండు అని మార్కులెయ్యమంటె నా తోని కాదు.

ఇక్కడ నాకు అల్లుడి మాటే బరువుగా తోచింది. తెలంగాణ యాస తెలుగు తెర మీద చాలాకాలం విలన్ పక్కన నిలబడేవాడికో, నవ్వించి పోయేవాడికో దక్కింది. అలాంటి చోట ఒక కుర్రాడు ఆ మాటతోనే గెలిచి బయటికొస్తే, వాడి ఆటలో లోపాలు వెతకమని వాడి ఊరివాళ్లను అడగడం కొంచెం దుర్మార్గమే. అయితే మామ దీనికి లొంగలేదు.

మామ: సరే, నీకు కడుపుల మంట లేసింది. న్యాయమే. మరి నీ రూమ్మేటు? అనంతపురం పిల్లగాడు. వాడేం చేసిండు?

అల్లుడు: వాడు అమర్‌దీప్ అభిమాని.

మామ: అమర్‌దీప్‌ది ఏ ఊరు?

అల్లుడు: అనంతపురమే.

మామ: మరి వాడు గూడ మావోడే అన్నడు గదరా. నీది ఆత్మగౌరవం, వానిది పక్షపాతమా?

అల్లుడు: వాడు ఊరు చూసి ఎయ్యలే మామా. వాని కారణం వేరే ఉన్నది. అది వింటె నవ్వుతవ్. ఫైనల్‌ల హీరో రవితేజ వచ్చిండు. అమర్‌దీప్ రవితేజకు పిచ్చి అభిమాని. ఆయన సినిమాల వేషం ఇస్తరు, ఇప్పుడే ఇల్లు ఇడిసి రావాలె, వస్తవా అని హోస్టు నాగార్జున అడిగిండు. అడిగిండో లేదో, వీడు గేటు కాడికి ఉరికిండు. మూడు నెలలు ఆడి, టైటిల్ ముంగట వెట్టుకోని ఉరికిండు! నాకు ఒళ్లు మండింది. నీకు ఓటేసినోళ్లందరు పిచ్చోళ్లా అని. నా రూమ్మేటు దానికే మెచ్చుకున్నడు. వాడు ముందుగాల అభిమాని, తర్వాతనే ఆటగాడు, మన అసుంటోడే అన్నడు.

మామ: ఈ మాట మీద కొట్లాడుకున్నరా?

అల్లుడు: దీని మీద కాదు. అద్దాల ముచ్చట మీద. ‘మీవోళ్లు’ అన్నడు. నన్ను, ఆ రాళ్లేసినోళ్లను కలిపి మీవోళ్లు అన్నడు. నేను రూము మారిన.

మామ: నేను గూడ ఇందాక నిన్ను కలిపే అన్న. మరి నన్నిడిసి పోలేవు?

అల్లుడు: అత్త చేతి కూర కోసం ఉన్న.

(లోపల్నుంచి అత్త నవ్వు వినిపించింది. మామ కాస్త సర్దుకుని కూర్చున్నాడు.)

మామ: నా బాధ ఏందంటె, మీరు ఒకరినొకరు తిట్టుకునే కాడ ఆగుతలేరు. 2018ల రెండో సీజనప్పుడు ఆటగాడు కౌశల్ పేరు మీద కౌశల్ ఆర్మీ అని మొదలువెట్టిన్రు. ఆర్మీ! ఆయన కోసం హైదరాబాద్‌ల నడక పెట్టిన్రు, మంచిదే, నడిస్తె ఒంటికి మంచిది. హోస్టు నాని ఏం పాపం చేసిండు? శనివారమొచ్చి లోపలోళ్ల తప్పులు చెప్పుడు ఆయన పని. కౌశల్ తప్పు చెప్తె పక్షపాతమని ఆయన్ను ఎంత తిట్టిన్రో. అంపైర్ ఔటిస్తె అంపైర్నే కొట్టినట్టు. నన్నడిగితె రాళ్ల దాంక పొయ్యే తొవ్వ ఆ ఏడే వడ్డది.

అల్లుడు: నానిని తిట్టుడు తప్పు. గని అంపైర్ అంటున్నవ్ చూడు, ఆడ నాకొక అనుమానమున్నది. అంపైర్ చూసింది, మనం చూసింది ఒకటే అయితె గద? ఇంట్ల ఇరవై నాలుగ్గంటలు కెమెరాలు తిరుగుతయి. మనకు రాత్రి చూపెట్టేది గంట. అండ్ల ఎవన్ని ఏడ్పించాలె, ఎవన్ని నవ్వించాలె, దాని కింద ఏ మ్యూజిక్ ఎయ్యాలె అని ఎడిటింగ్ల కూసున్నోళ్లు చూసుకుంటరు. లైవ్ పెట్టిన సీజన్ల లైవ్ చూసినోడు ఒకటి చూస్తడు. గంట ఎపిసోడు చూసినోడు ఇంకొకటి. రీల్స్ మాత్రమే చూసి ఓటేసేటోడు మూడోది. ముగ్గురు ఒకటే షో చూసినమనుకోని కొట్లాడుకుంటరు.

మామ: అవునా? మరి ఇది నీ రూమ్మేటుకు చెప్పినవా? నువ్వు చూసింది నేను చూడలేదేమో, ఏ ఎపిసోడో చెప్పు, చూస్త అని?

అల్లుడు: కోపంల గీ తెలివి ఎక్కడిది మామా!

మామ: అందుకే అంటున్న, ఎవరిష్టం వాళ్లది అనుకోని ఊకోవాలె. ముప్పై ఏండ్లకు మీద బస్సుల తిరిగిన. కిటికీ తెరువుమని ఒకలు, మూయుమని ఒకలు. ఈ సీటు నాదని ఒకలు, దస్తి ఏసిన కాబట్టి నాదని ఇంకొకలు. అందరి న్యాయం వినుకుంట కూసుంటె బస్సు సిద్దిపేట చేరదు. నువ్వు ఆడ, నువ్వు ఈడ, పోనియ్ రైట్ అని కొట్టుడే.

అల్లుడు: బస్సుల అది నడుస్తది. ఎందుకంటె దిగిపోయినంక మళ్ల ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇంట్ల, దోస్తుల నడుమ ‘ఎవరిష్టం వాళ్లది’ అంటె నాకు తిట్టినట్టె వినవడుతది. నీ మాట వినుడు నాకు దండుగ అని మర్యాదగ చెప్పుడన్నట్టు. నా రూమ్మేటు గట్ల అంటె నేను ఇంకింత మండుదును. నువ్వు అత్తకు ఎన్నిసార్లు అన్నవో ఆ మాట, యాది చేసుకో.

మామ: ఎప్పుడన్న?

అల్లుడు: డీఎన్ఏ టెస్టు.

డీఎన్ఏ టెస్టు అనగానే ‘కార్తీక దీపం’ చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మలయాళంలో వచ్చిన ‘కరుతముత్తు’ దీనికి మూలం. తెలుగులో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మొగుడు కార్తీక్ డాక్టరు, ఊరందరికీ డాక్టర్ బాబు. అతని మీద మనసుపడ్డ మోనిత, అతనికి పిల్లలు పుట్టరని అబద్ధం చెప్పి నమ్మించడంతో, కడుపుతో ఉన్న దీపను అనుమానించి వదిలేస్తాడు. ఆమె వంటలు చేసి బతుకుతూ వంటలక్క అవుతుంది. కవల పిల్లలు, ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర. చూసేవాళ్ల ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటే: డాక్టరు కదా, ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోడేం?

మామ: నేనేమన్న తప్పన్ననా? డాక్టరే ఆయె, దవాఖాన చేతిల ఉండె. ఇంత నెత్తురు తీసి ఇస్తె వారం రోజులల్ల సీరియల్ అయిపోవు.

అల్లుడు: అత్త ఏమన్నది?

మామ: ఏమన్నది... టెస్టు చెయ్యొద్దన్నది. పరీక్ష చేసుకోని నమ్మితె అది నమ్ముడెట్లయితది అన్నది. సీతమ్మ ఒకసారి నిప్పుల దుంకింది సాలదా, ఇప్పుడు దీప సూది గుచ్చుకోని రుజువు చూపెట్టాల్నా అన్నది. వాడే సిగ్గువడి రావాలె, కాగితం చూసి కాదు అన్నది.

అల్లుడు: నువ్వేమన్నవ్?

మామ: నవ్విన. నీ ఇష్టం నీది తియ్యి అన్న.

అల్లుడు: ఇగో!

మామ: ఆగరా. ఇంకోటున్నది. దీప వేషమేసిన ప్రేమి విశ్వనాథ్ అసలుకు తెల్లగుంటది. ముఖానికి, చేతులకు నల్లరంగు వూసి నటించింది. నాకది గొప్పగ అనిపించె. ఆమె అంత కష్టపడ్డదని అందరికి చెప్తుంటి. మీ అత్తకు అదే మంట. నల్లగున్న పిల్లకు ఒక్క సీరియలన్న దక్కనియ్యరా, నల్లపిల్ల కథల గూడ తెల్లపిల్లనే వెట్టి రంగు వూస్తరా అని. నేను, ఏసుకునేటోళ్లకు లేని బాధ నీకెందుకు అన్న. ఇట్ల రెండేండ్లకు మీద నడిచింది. ఒకనాడు, లాక్‌డౌన్ల షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే మళ్ల ఏస్తున్నరు, అప్పుడు కూరగాయలు కోసుకుంట అన్నది. నన్ను చూడవచ్చిన్నాడు మీ అమ్మ నా చెయ్యి వట్టుకోని కిటికీ కాడికి తీస్కపోయి ఎలుగుల చూసింది, యాది ఉన్నదా అని.

అల్లుడు: నీకు యాది ఉన్నదా?

మామ: నేను పక్క రూముల కూసోని బూంది తింటున్న. నాకేం యాది ఉంటది?

ఈ సంవాదం మొత్తంలో నాకు అన్నింటికన్నా పదునుగా అనిపించిన అభిప్రాయం ఇందులో మాట్లాడనే మాట్లాడని అత్తది. పరీక్ష వద్దనడం కథకు అడ్డం, తర్కానికి అడ్డం, మామ చెప్పినట్టు సీరియల్ ముగియడానికి కూడా అడ్డం. అయినా దాన్ని కొట్టిపారేయడం తేలిక కాదు. రెండేళ్లకు పైగా పక్కన కూర్చుని అదే సీరియల్ చూసిన మనిషి ఆమెను అడగనే లేదు, నీకెందుకలా అనిపిస్తోందని. ఎవరిష్టం వాళ్లదన్న మాట ఆ పని తప్పించింది.

అల్లుడు: ఇప్పుడు చెప్పు మామా. అత్త మాట్లాడింది సీరియల్ గురించేనా? అత్తకు అభిప్రాయం ఉండెనా, చుట్టరికం ఉండెనా?

మామ: నువ్వు నన్ను మంచిగ ఇరికియ్యాలని చూస్తున్నవ్.

అల్లుడు: ఇరికిస్తలే. దీప అత్తకు మావోడు లెక్కనే. నల్లగున్న ప్రతి ఆడిబిడ్డకు దీప ఏమైతదో, మా ఊరి పోరలకు ప్రశాంత్ అదే. నువ్వేమో పార్టీ జెండా అంటివి.

మామ: ఒక్క తేడా ఉన్నది. దాన్ని మాత్రం నేనిడువను. దీప మనిషి కాదు. రాసినోళ్లు రాసిన్రు, నటించినామె నటించి ఇంటికి పోయింది. మీ అత్త మోనితను ఎంత తిట్టినా మోనితకు తాకది. 2022ల కథల దీపను, డాక్టర్ బాబును సంపేసి పిల్లల్ని పెద్దగ చేసిన్రు. మేమందరం కోపానికొచ్చినం. ఎవరికన్న దెబ్బ తాకిందా? మళ్ల బతికించి తెచ్చుకున్నరు. మీ బిగ్ బాస్ ఇంట్ల ఉన్నోళ్లు అట్ల కాదు. వాళ్లు రేపు బయటికొచ్చి ఫోన్ తెరుస్తరు. వాళ్లమ్మ రోజు తెరుస్తనే ఉంటది. నువ్వు అమర్‌దీప్‌ను అన్నది అమర్‌దీప్‌కు తాకుతది. కథల మనిషి మీద, నిజం మనిషి మీద ఒకటే తీరు నోరు పారేసుకుంటమంటె ఎట్ల?

అల్లుడు: ఇది మాత్రం ఒప్పుకోవాలె. మంచిగ అన్నవ్.

మామ: అన్న గద!

అల్లుడు: అన్నవ్ గని, శోభా శెట్టి?

మామ: ఆమెకేమైంది?

అల్లుడు: ఏడో సీజన్ల శోభ వచ్చినప్పుడు నువ్వు ఫోన్ చేసి ఏమన్నవ్? ‘అరేయ్, అది మోనిత, ముందుగాల దాన్ని ఎల్లగొట్టున్రి’ అన్నవ్. ఆమె లోపల ఏం చేసిందో నువ్వు ఒక్క ఎపిసోడు చూడలే. సీరియల్ల ఆమె ఏసిన వేషం చూసి ఓటు చెప్పినవ్.

మామ: ...అది నవ్వులాటకు అన్న.

అల్లుడు: నీ అసుంటోళ్లు శానమంది నవ్వులాటకు కాకుంట అన్నరు మామా. ఆమె మాట కటువుగుంటె మోనిత బుద్ధి అన్నరు. ఏడిస్తె మోనిత నటన అన్నరు. నేను ఆమెకు వ్యతిరేకమే. ఆటల ఆమె చేసిన పనులు నాకు నచ్చలే. గని నా కారణం వేరు, నీ కారణం వేరు. మన ఇద్దరి ఓటు ఒకటే అయినా, నీ ఓటును చూస్తె నాకే కోపం వచ్చింది. నా రూమ్మేటు ఓటు వేరే, గని వాని కారణం వింటె వాడు ఆట చూసే ఏసిండని తెలుస్తది.

మామ: గట్లయితె నీకు దగ్గరోడు ఎవడాయె? నీ దిక్కు ఏసినోడా, నీ లెక్క చూసినోడా?

అల్లుడు: అది నేను ఇప్పటిదాంక ఆలోచించలే.

మామ: ఇంకొకటి అడుగుత. సీపీఐ నారాయణ ఏండ్ల సంది ఈ షోనే బంద్ చెయ్యాలంటున్నడు. ఇండ్లల్ల చూసే తీరుగ లేదంటడు. ఆయనదీ అభిప్రాయమే గద. గౌరవిస్తవా?

అల్లుడు: వింట. అన్ని మాటలు కొట్టిపారెయ్య. గని నేను చూడకుంట చెయ్యాలనుకునేటోని మాటను, నాతోని కూసోని చూసి నాకెదురు చెప్పేటోని మాటను ఒక్క తీరుగ తూచుమంటె తూచ. ఎదురు చెప్పేటోడు నాకు దోస్తు కావచ్చు. టీవీ ఆఫ్ చేసేటోడు కాడు.

మామ: మీ అత్త రిమోట్ గుంజుకుంటె?

అల్లుడు: అది వేరే శాఖ.

మామ: రిమోట్ అంటె యాదికొచ్చింది. 2020ల ఐపీఎల్ దుబాయ్ దిక్కు ఆడిన్రు చూడు, మ్యాచు ఏడున్నరకు. కార్తీక దీపం ఏడున్నరకు. నీ చిన్న బావమరిది మ్యాచు కావాలని, మీ అత్త సీరియల్ కావాలని. నేను కండక్టర్ని గద, టైము పంచిన. ఓవర్ల నడుమ సీరియల్, అడ్వర్‌టైజుమెంట్ల నడుమ మ్యాచు. ఇద్దరు నన్ను తిట్టిన్రు. ఎవరిది పూర్తిగ ఎవరు చూడలే.

అల్లుడు: చూసినవా? పంచి ఇస్తె గూడ కాదు. నాకు ఒక్కటే నచ్చుతది మా షోల. నువ్వు సీరియల్ ఎంత చూసినా, కోపమొచ్చి మానేసినా లెక్కల వడదు. టీఆర్పీ లెక్కలు మీటర్లు వెట్టిన కొన్ని ఇండ్లల్లనే తీస్తరు. మన ఇంట్ల మీటర్ లేదు. అత్త అయిదేండ్లు చూసింది ఎవ్వరికీ తెల్వదు. నా ఓటు మాత్రం నా ఫోన్ల నేను నొక్కితె పోతది. మా ఊరి మాట ఆడికి చేరిందని అనిపిస్తది. అందుకే ఇంత పట్టుకుంటం మేము.

మామ: చేరింది, సంతోషం. ఓడినోని ఓట్లు గూడ చేరినయి గదరా. ఆ రాత్రి వాళ్లు ఎక్కడికి పోవాలె? గెలిచినోనికి ఊరేగింపు. ఓడినోనికి వాని ఫోన్ల మీ బొమ్మలు, మీ ఎక్కిరింపులు. గెలిచినంక గూడ మీరు ఇడువలే. ఓడినోడు ఏడ్చుకుంట ఇంటికి పోతుంటె కారు మీద పడుడేంది? ఎన్నికలల్ల గూడ గెలిచినోడు ఓడినోని ఇంటి ముంగట పటాకులు కాలిస్తె ఊరోళ్లు ఒప్పుకోరు.

అల్లుడు: కాలుస్తరు మామా. నువ్వు ఈ నడుమ ఊర్లె లేవు.

మామ: ...కాలుస్తరా?

అల్లుడు: డీజే గూడ వెడ్తరు.

మామ: అయితె ఇది టీవీల పుట్టిన రోగం కాదు. సరే, అది ఇంకోనాడు మాట్లాడుదాం. నీ రూమ్మేటు ఈ సీజన్ చూస్తడా?

అల్లుడు: చూస్తడు. వానికి షో అంటె నాకన్న ఎక్కువ పిచ్చి. ఏ టాస్కుల ఎవడు ఎన్ని సెకండ్లకు ఓడిపోయిండో చెప్తడు. అసలు నాకు లైవ్ చూసుడు నేర్పిందే వాడు.

మామ: ఇప్పుడెవరితోని చూస్తున్నవ్?

అల్లుడు: కొత్త రూముల అందరు ప్రశాంత్ అభిమానులే. ఏమన్నా అందరు ఔను ఔను అంటరు. పది నిమిషాలల్ల ముచ్చట అయిపోతది.

మామ: మరి ఫోన్ చెయ్యరాదు వానికి?

అల్లుడు: చేస్త. కొత్త సీజన్ మొదటి ఎపిసోడు నాడు చేస్త. గని మామా, నేను తగ్గి చేస్తున్ననుకోవద్దు వాడు. టైటిల్ ఇడిసిపెట్టి రవితేజ కోసం గేటు కాడికి ఉరుకుడు మాత్రం తప్పే. అది నేను ఎప్పటికీ ఒప్పుకోను.

మామ: గది నాకెందుకు చెప్తున్నవ్? వానికి చెప్పు.